పాత స్పోర్ట్స్ కారు షాకులు సెట్ చేసుకోవడం: బెంగళూరు రోడ్లకి పనికొచ్చే పూర్తి పద్ధతి

"అన్నా, ముందు ఎన్ని క్లిక్కులు, వెనక ఎన్ని క్లిక్కులు, ఆ నంబర్ చెప్పెయ్ చాలు" అని అడిగేవాళ్లు ఈ మధ్య బాగా ఎక్కువయ్యారు. షాకు, అంటే షాక్ అబ్జార్బర్, దాని నాబ్ తిప్పితే వచ్చే టిక్కుల లెక్క అది. నంబర్ చెప్పొచ్చు గానీ అది మీకు పనికిరాదు. అదే షాకు, అదే మోడల్ కారు ఐనా సరే, మీ స్ప్రింగులు ఎంత కుంగాయి, టైర్లు ఏవి, మీరు ఒక్కరే తిరుగుతారా లేక పక్కన మనిషి, డిక్కీలో సామాను వేస్కుని లేపాక్షి దాకా పోతారా అన్నదాన్ని బట్టి మొత్తం మారిపోతుంది. నేను చెప్పగలిగేది వరుస. ఏది ముందు, ఏది తర్వాత, ఎక్కడ ఆగాలి. నాబ్ తిప్పడం ఆ వరుసలో చాలా వెనక వస్తుంది, అందరూ మొదలుపెట్టేది మాత్రం అక్కడే.

ఉదాహరణలకి ఎంజీబీ, ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ అనే రెండు పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కార్లు తీసుకుంటున్నా. మీది ఇంకోటి ఐనా పద్ధతి ఇదే, బోల్టుల బిగింపు లెక్కలు మాత్రం మీ కారు వర్క్‌షాప్ మాన్యువల్‌లోవే వాడండి.

1. మీ షాకు ఏ రకమో ముందు చూడండి

కారు కిందకి టార్చి వేసి చూస్తే నాలుగు రకాల్లో ఏదో ఒకటి కనిపిస్తుంది.

లీవర్ ఆర్మ్ రకం: ఛాసిస్‌కి బిగించిన ఇనప డబ్బా, దాన్నుంచి బయటికి వచ్చిన చెయ్యి. ఎంజీబీకి ఫ్యాక్టరీ నుంచి ముందూ వెనకా ఇవే, ఆర్మ్‌స్ట్రాంగ్ వాళ్లవి. దీనికి తిప్పే నాబ్ ఉండదు, ఆయిల్, లోపలి వాల్వ్, అంతే. ఇంకో సంగతి, ఎంజీబీ ముందు షాకు చెయ్యే సస్పెన్షన్ పై ఆర్మ్ కూడా. అంటే అది కేవలం షాకు కాదు, చక్రాన్ని పట్టుకునే భాగం. దీని గురించి కింద మళ్లీ చెప్తా.

విప్పి తిప్పే రకం: కోనీ వాళ్ల ఎర్ర రంగు క్లాసిక్ షాకులు. బయట నాబ్ ఏమీ కనపడదు, అందుకే చాలామంది "ఇది అడ్జస్ట్ అవ్వదు సార్" అనేస్తారు. అవుతుంది, కాకపోతే కారు నుంచి విప్పాలి.

కారు మీదే తిప్పే రకం: స్పాక్స్, గాజ్ లాంటివి. కింద పక్కన చిన్న స్క్రూనో నాబ్‌నో ఉంటుంది, తిప్పితే టిక్ టిక్ మంటుంది.

మామూలు టెలిస్కోపిక్: అడ్జస్ట్‌మెంట్ ఏమీ ఉండదు. బాగుంటే ఉంచండి, పోతే మార్చండి, ఈ గైడ్‌లో మీకు 3, 8 భాగాలు చాలు.

ముందు ఒక రకం, వెనక ఇంకో రకం ఉన్న కార్లు మన దగ్గర చాలానే ఉన్నాయి, చేతులు మారీ మారీ అలా అవుతాయి. కాబట్టి నాలుగు మూలలా చూడండి, రెండు చూసి ఆగకండి.

2. షాకు ఏం చేస్తుంది, ఏం చెయ్యదు

ఆఫీసు తలుపుకి పైన ఉండే క్లోజర్ చూసుంటారు కదా, తలుపు ధబాల్న పడకుండా ఆపుతుంది, కానీ తలుపుని మోయదు. షాకు పని కూడా అదే. లోపల ఆయిల్ సన్న దారుల్లోంచి దూరాలి కాబట్టి కదలిక నెమ్మదిస్తుంది, ఆ శక్తి వేడిగా మారి పోతుంది. బరువు మోసేది స్ప్రింగు.

దీన్నుంచి తేలేది ఏంటంటే, కారు కిందకి కుంగింది అంటే షాకు గట్టి చేస్తే లేవదు. బ్రేక్ వేసినప్పుడు మూతి ఎంత దిగుతుందో షాకు తేల్చదు, ఎంత వేగంగా దిగుతుందో తేలుస్తుంది. మలుపులో ఒరగడం కూడా అంతే.

ఇంకో రెండు మాటలు గుర్తుంచుకోండి. చక్రం పైకి వచ్చేటప్పుడు ఆపేది బంప్, మళ్లీ కిందకి దిగేటప్పుడు ఆపేది రీబౌండ్. కోనీ క్లాసిక్‌లో మీరు తిప్పేది రీబౌండ్ ఒక్కటే. స్పాక్స్ రకంలో ఒకే స్క్రూ రెండిటినీ కలిపి మారుస్తుంది. అందుకే కోనీ గట్టి చేసినా గుంత అంచు దెబ్బ పెద్దగా పెరగదు, స్పాక్స్ గట్టి చేస్తే నడుముకి వెంటనే తెలిసిపోతుంది.

3. నాబ్ ముట్టుకునే ముందు చెయ్యాల్సిన పని

ఎక్కువ టైం పట్టేది ఇక్కడే, ఎక్కువ ఫలితం కూడా ఇక్కడే. షాకు తప్పు అనుకుని నా దగ్గరికి తెచ్చిన కార్లలో చాలావాటికి అసలు జబ్బు టైరు గాలి, లేదా బుష్ (కీళ్ల దగ్గర బోల్టు చుట్టూ ఉండే రబ్బరు తొడుగు).

టైరు గాలి. పెట్రోల్ బంక్‌లో అబ్బాయి ఏ కారు వచ్చినా 32 పీఎస్ఐ కొట్టేస్తాడు, వాడి తప్పు కాదు, ఇవాళ్టి కార్లకి అది సరిపోతుంది. పాత బ్రిటిష్ లైట్ వెయిట్ కార్లలో చాలావాటికి హ్యాండ్‌బుక్ చెప్పేది 20ల్లోనే ఉంటుంది, ముందూ వెనకా తేడా కూడా ఉంటుంది. 32 పెట్టుకుని షాకులు సాఫ్ట్ చేస్కుంటూ పోతే ఎప్పటికీ కుదరదు. సొంత గేజ్ కొనుక్కోండి, పొద్దున్నే టైర్లు చల్లగా ఉన్నప్పుడు చూడండి.

టైరు వయసు. గోడ మీద చివరి నాలుగు అంకెలు చూడండి, మొదటి రెండు వారం, తర్వాతి రెండు సంవత్సరం. 2316 అని ఉంటే 2016లో 23వ వారం. ఇలాంటి కార్లు ఏడాదికి తిరిగేదే కొంచెం కాబట్టి ట్రెడ్ కొత్తగానే కనిపిస్తుంది, రబ్బరు మాత్రం రాయి ఐపోయుంటుంది. ఆ టైర్ల మీద షాకు ట్యూనింగ్ చెయ్యడం దండగ.

బుష్‌లు. సస్పెన్షన్ ఆర్మ్ చివర్లలో, షాకు పైనా కిందా, కమాన్ పట్టీల (లీఫ్ స్ప్రింగుల) కన్నుల్లో, అన్నిచోట్లా రబ్బరు చూడండి. పగిలిందా, ఒకపక్కకి జరిగిందా, బోల్టు ఇనుముకి తగుల్తోందా. చిన్న రాడ్ పెట్టి కదిపితే తెలుస్తుంది. స్పిట్‌ఫైర్ వాళ్లకి ఒక సుఖం, దాని ముందు సస్పెన్షన్ ట్రయంఫ్ హెరాల్డ్ కారు నుంచి వచ్చిందే, ఆ హెరాల్డ్‌ని 1960ల్లో మద్రాసులో స్టాండర్డ్ కంపెనీ తయారు చేసింది, కాబట్టి మన పాత మెకానిక్‌లకి అది తెలిసిన సరుకు. రబ్బర్లు జేసీ రోడ్డులో (బెంగళూరులో కారు విడిభాగాల బజారు) కొనేముందు పాతది చేత్తో పట్టుకెళ్లి పక్కపక్కన పెట్టి కొలుచుకోండి, "అదే సార్ ఇది" అన్న మాట మీద కొనకండి.

బుష్ మార్చాక బోల్టు బిగించే టైం. ఇది చాలామందికి తెలీదు. రబ్బరు బుష్ ఉన్న బోల్టుని కారు గాల్లో ఉండగా పూర్తిగా బిగిస్తే, కారు కిందకి దింపగానే ఆ రబ్బరు మెలిపడి అలాగే ఉండిపోతుంది. కారు ఎత్తు తేడా వస్తుంది, స్ప్రింగ్‌లాగా ఎదురు తంతుంది, తొందరగా చిరుగుతుంది. గాల్లో చేత్తో బిగించి, చక్రాల మీద కారు బరువు పడ్డాక, ఒకటి రెండు అడుగులు ముందుకీ వెనక్కీ తోసి, అప్పుడు పానా వెయ్యండి.

కింగ్‌పిన్, ట్రనియన్. ముందు చక్రం స్టీరింగ్‌తో తిరిగే కీలు భాగాలివి. ఎంజీబీ కింగ్‌పిన్‌కి గ్రీజు కొట్టాలి. స్పిట్‌ఫైర్ ముందు కింది ట్రనియన్‌కి గ్రీజు కాదు, 90 నంబర్ గేర్ ఆయిల్. నిపుల్ కనపడగానే గ్రీజు గన్ పెట్టేస్తారు సర్వీస్ షాపుల్లో, పక్కన నిలబడి చెప్పండి. స్టీరింగ్ బిగుసుకుపోతుంటే దానికి షాకుతో సంబంధం లేదు, ఇక్కడే చూడాలి.

కారు ఎత్తు. సమంగా ఉన్న నేల మీద నిలబెట్టి, చక్రం మధ్య బిందువు నుంచి మడ్‌గార్డ్ అంచు దాకా నాలుగు పక్కలా టేపుతో కొలిచి రాసుకోండి. ఎడమ కుడి బాగా తేడా ఉంటే స్ప్రింగు సంగతి ముందు చూడండి. కమాన్ పట్టీలు ఒకపక్క కుంగడం ఈ వయసు కార్లలో మామూలే.

మూల నొక్కి చూడటం. ఒక్కో మూల మీద బరువు వేసి నాలుగైదుసార్లు ఊపి వదిలేయండి. పైకి లేచి ఒకసారి సర్దుకుని ఆగితే సరే. రెండుమూడు సార్లు ఊగితే ఆ షాకు పోయింది, లేదా ఆయిల్ లేదు. ఐతే ఈ పరీక్షతో చచ్చిన షాకు దొరుకుతుంది తప్ప సెట్టింగ్ దొరకదు. ఊపి చూసి "రెండు క్లిక్కులు పెంచు" అనే మెకానిక్‌ని నమ్మకండి.

ఇవన్నీ ఐతేనే ముందుకి:

☐ గాలి హ్యాండ్‌బుక్ ప్రకారం, చల్లటి టైర్లకి
☐ టైర్లు నాలుగూ ఒకే రకం, మరీ పాతవి కావు
☐ బుష్‌లు, షాకు రబ్బర్లు బాగున్నాయి
☐ ఎక్కడా ఆయిల్ కారట్లేదు
☐ సస్పెన్షన్ చివరిదాకా నొక్కుకున్నప్పుడు దెబ్బ ఆపే బంప్ స్టాప్ రబ్బర్లు ఉన్నాయి (చాలా కార్లలో ఊడిపోయి ఉంటాయి, ఎవరూ చూడరు)
☐ వీల్ అలైన్‌మెంట్ ఐంది
☐ ఎత్తు కొలతలు పుస్తకంలో రాసుకున్నా

4. సామాను, జాగ్రత్తలు

జాకీ, రెండు కాదు నాలుగు స్టాండ్లు, చక్రాలకి అడ్డం పెట్టే చెక్కలు, స్పానర్లు, టార్క్ రెంచ్, తుప్పు వదిలే ఆయిల్, వైర్ బ్రష్, నోట్‌బుక్కు, పెన్ను. పాత బ్రిటిష్ కార్లకి ఇంచీ సైజు స్పానర్లు కావాలి, ఎంఎం స్పానర్ "దాదాపు సరిపోతోంది" అని వేస్తే నట్టు మూలలు అరిగిపోతాయి, తర్వాత దాన్ని విప్పడానికి ఉలి పట్టుకోవాలి.

ఇటుకల మీద, సిమెంట్ దిమ్మల మీద కారు నిలబెట్టొద్దు. జాకీ ఒక్కదాన్నే నమ్మి కిందకి దూరొద్దు. అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్‌లో ర్యాంపు పక్కన చేసేవాళ్లు నేల వాలు చూసుకోండి, అక్కడ నీళ్లు పోవడానికి కొంచెం వాలు పెడతారు.

ఇక రెండు ప్రమాదాలు, వీటిని రెండుసార్లు చదవండి.

ఒకటి, ఎంజీబీ ముందు. షాకు చెయ్యే పై ఆర్మ్ అన్నా కదా, దాని చివరి బోల్టు విప్పేముందు కింద స్ప్రింగ్ పళ్లెం కింద జాకీ గట్టిగా ఆనించి ఉండాలి. ఆ స్ప్రింగు నొక్కుకుని కూర్చుంది, ఆధారం లేకుండా బోల్టు తీస్తే కింది ఆర్మ్ ఒక్కసారిగా తన్నుకుని కిందకి పడుతుంది.

రెండు, స్పిట్‌ఫైర్ ముందు. షాకు చుట్టూ స్ప్రింగు ఉంటుంది. స్ప్రింగ్ కంప్రెసర్ బిగించకుండా పైన మధ్య నట్టు విప్పితే అది తుపాకీ గుండే. కంప్రెసర్ లేకపోతే మొత్తం యూనిట్ విప్పి, ఉన్న షాపుకి తీస్కెళ్లండి.

5. మూడు రకాలకీ తిప్పే పద్ధతి

అ) నాబ్ ఉన్నవి

ముందు స్క్రూ చుట్టూ మట్టి బ్రష్‌తో తుడవండి. మన వానాకాలం బురద గట్టిపడి ఉంటుంది, దాంతోనే తిప్పితే మర పాడవుతుంది. బిగుసుకుని ఉంటే తుప్పు ఆయిల్ కొట్టి రాత్రంతా వదిలేయండి.

చాలా మోడళ్లలో గడియారం ముల్లు వైపు తిప్పితే గట్టి, ఎదురువైపు తిప్పితే మెత్త, మీ షాకు కాగితం ఉంటే చూస్కోండి. పూర్తి మెత్త దాకా తిప్పండి, ఆగిన చోట బలం పెట్టొద్దు. అక్కడి నుంచి సున్నా. ఇక ప్రతి లెక్కా ఈ సున్నా నుంచే, ఒకరోజు మెత్త నుంచి, ఇంకోరోజు గట్టి నుంచి లెక్కపెడితే నోట్‌బుక్కు చెత్తబుట్టలోకే.

మొత్తం ఎన్ని క్లిక్కులున్నాయో ఒకసారి చివరి దాకా వెళ్లి లెక్కపెట్టండి. నాలుగు షాకులకీ అంతే రావాలి. ఒకదానికి తక్కువ వస్తే లోపల ఏదో పట్టేసింది, ఆ జత పనికిరాదు.

ఆ) విప్పి తిప్పే కోనీ రకం

1. షాకు విప్పి, నిటారుగా, రాడ్ పైకి ఉండేలా పట్టుకోండి. వైస్‌లో పెట్టాల్సి వస్తే కింది కన్నుని మాత్రం, మెత్తటి దవడలతో. ఒంటిని బిగిస్తే లోపల ట్యూబు నొక్కుకుపోతుంది, మెరిసే రాడ్ మీద ప్లయర్ వేస్తే ఆ గీతలు సీల్‌ని కోసేస్తాయి.

2. డస్ట్ కవర్ లోపల బంప్ రబ్బరు దాక్కుని ఉంటే ముందు తీసెయ్యండి, అది ఉంటే షాకు పూర్తిగా మూసుకోదు.

3. రాడ్‌ని పూర్తిగా లోపలికి నొక్కి, నొక్కిపట్టే ఎడమవైపుకి, అంటే గడియారానికి ఎదురువైపు, మెల్లగా తిప్పండి. ఒకచోట లోపల పళ్లు పట్టుకున్నట్టు చేతికి తెలుస్తుంది.

4. అలాగే నొక్కిపట్టి ఇంకా ఎడమకే తిప్పుతూ, ఆగేదాకా ఎన్ని అర చుట్లు తిరిగిందో లెక్కపెట్టండి. అదే మీ పాత సెట్టింగ్. రాసుకోండి. ఆగాక బలం పెట్టొద్దు.

5. ఇప్పుడు కుడివైపుకి కావల్సినన్ని అర చుట్లు. మొత్తం రెండు, రెండున్నర చుట్లే ఉంటాయి, కాబట్టి అర చుట్టు అంటే చిన్న మార్పు కాదు.

6. రాడ్‌ని తిప్పకుండా, నిటారుగా కనీసం ఒక సెంటీమీటర్ పైకి లాగండి. అప్పుడు పళ్లు విడిపోతాయి. లాగేటప్పుడు చెయ్యి తిరిగిందా, సెట్టింగ్ పోయినట్టే, మూడో మెట్టు నుంచి మళ్లీ.

బిగించే ముందు నిటారుగా పట్టుకుని నాలుగైదుసార్లు పూర్తిగా నొక్కి లాగండి, పడుకోబెట్టి ఉంచినప్పుడు చేరిన గాలి పోతుంది. మధ్యలో ఎక్కడా ఖాళీగా జారకూడదు.

ఇ) లీవర్ ఆర్మ్

ఇక్కడ సెట్ చెయ్యడం అంటే ముందు ఆయిల్ సరిచెయ్యడమే. డబ్బా పైన ఫిల్లర్ ప్లగ్ ఉంటుంది. దాని చుట్టూ మెరిసేంత శుభ్రంగా తుడిచాకే విప్పండి, ఇసుక రేణువు ఒకటి లోపల పడితే వాల్వ్ సరిగ్గా మూసుకోదు.

ఏ ఆయిల్? బైకుల ఫోర్క్ ఆయిల్ 20 డబ్ల్యూ పోసుకుంటే సరిపోతుంది, పెద్ద బైక్ షాపుల్లో దొరుకుతుంది. బ్రేక్ ఫ్లూయిడ్ పొయ్యొద్దు, లోపలి సీళ్లు ఉబ్బి పోతాయి. ఇంజిన్ ఆయిల్ పొయ్యొద్దు. "చిక్కటిది పోస్తే గట్టిపడుద్ది సార్" అంటారు, అది సగమే నిజం. నెమ్మది కదలికలు గట్టిపడతాయి, గుంతలో పడ్డప్పుడు పెద్ద దెబ్బని సంభాళించేది లోపలి వాల్వ్ స్ప్రింగు, అది ఆయిల్ మార్చినంత మాత్రాన మారదు. పైగా డిసెంబర్ పొద్దున బెంగళూరు చలికి ఆ చిక్కటి ఆయిల్ కారుని చెక్కబండి చేస్తుంది, ఎండెక్కాక మళ్లీ ఇంకోలా ఉంటుంది.

పోసే పద్ధతి: ప్లగ్ కన్నం కింది అంచు దాకా పొయ్యండి. చెయ్యిని ఆ చివరి నుంచి ఈ చివరికి నెమ్మదిగా ఆడించండి, బుడగలు వస్తాయి, మట్టం తగ్గుతుంది, మళ్లీ పొయ్యండి. బుడగలు ఆగేదాకా ఇదే. వెనకవాటిని విప్పి బయట చెయ్యడం సుఖం, ఎంజీబీకి రెండు బోల్టులు, ఒక లింకు, అంతే.

ఆడించేటప్పుడు చెయ్యికి రెండువైపులా ఒకేలా మందంగా ఆగుతూ రావాలి. మధ్యలో ఖాళీ తగిలితే గాలి ఉంది. గాలి పూర్తిగా తీసినా ఖాళీ ఉంటే లోపల అరిగింది. చెయ్యి బయటికొచ్చే షాఫ్ట్ దగ్గర ఆయిల్ కారుతుంటే మీరు పోసేది ఎక్కువ రోజులు ఆగదు, రీకండిషన్ చేసినవి జతగా తెప్పించుకోండి. వాల్వ్ స్ప్రింగు మార్చే పని కూడా వాళ్లకే వదిలేయండి, ఇంట్లో చేస్తే ఎడమ కుడి ఒకేలా రావడం కష్టం.

6. టెస్ట్ రూటు

ప్రతిసారీ అదే రోడ్డు, అదే వేగం, అదే మనిషి పక్కన. ఇది లేకపోతే మిగతాదంతా ఊహే.

రూటులో ఇవి ఉండాలి: గుండ్రటి స్పీడ్ బ్రేకర్ ఒకటి, అంచు పదునుగా ఉన్న ప్యాచ్ ఒకటి, వైట్ టాపింగ్ కాంక్రీట్ రోడ్డు కొంచెం (ఆ జాయింట్లు వరసగా టక్ టక్ మంటాయి కదా, అవి మనకి ఫ్రీగా దొరికిన పరీక్ష యంత్రం), ఒకటి రెండు తేలిక మలుపులు. నున్నటి టోల్ రోడ్డు మీద పరీక్షించొద్దు, అక్కడ ఏ సెట్టింగ్ ఐనా బాగానే ఉంటుంది.

హెసరఘట్ట వైపు గానీ, దేవనహళ్లి దాటాక నంది వైపు గానీ పొద్దున ఆరింటికి వెళ్తే దొరుకుతాయి. శనాదివారాలు నంది వైపు వద్దు, కార్ల వరస తప్ప ఏమీ టెస్ట్ అవ్వదు. వేగం 20, 40, 60, అంతకన్నా అక్కర్లేదు. షాకు చెప్పాల్సింది ఆ లోపే చెప్పేస్తుంది.

మొదలుపెట్టే ముందు పది పదిహేను నిమిషాలు నడిపి ఆయిల్ వేడెక్కనివ్వండి. పెట్రోల్ సగం ట్యాంకు.

7. సెట్ చేసే వరుస

మొదటి మెట్టు. నాలుగూ పూర్తి మెత్తగా పెట్టి ఒక రౌండు. కారు పడవలా తేలుతుంది, తేలనివ్వండి. ఎక్కడెక్కడ ఎలా ఉందో రాసుకోండి. ఈ రౌండ్ మానేసి నేరుగా మధ్య క్లిక్కు నుంచి మొదలుపెట్టేవాళ్లకి గట్టి ఎక్కడ మొదలైందో ఎప్పటికీ తెలీదు.

రెండో మెట్టు. ముందు రెండిటినీ మాత్రమే పెంచండి. 28 క్లిక్కులవైతే మూడేసి, కోనీ ఐతే అర చుట్టు. ఎడమ కుడి ఎప్పుడూ సమానం. మళ్లీ అదే రౌండు. స్పీడ్ బ్రేకర్ దిగాక మూతి లేచి ఒకసారి సర్దుకుని ఆగేదాకా ఇలా పెంచుతూ పోండి. ఎప్పుడైతే ప్యాచ్ అంచు దెబ్బ స్టీరింగ్‌లోకి రావడం మొదలైందో, ఒక అడుగు వెనక్కి. అక్కడ ఆపండి.

మూడో మెట్టు. ఇప్పుడు వెనక. ఇక్కడ చెయ్యి తక్కువ వాడండి. వెనక కమాన్ పట్టీలున్న కారైతే ఆ పట్టీలు ఒకదాని మీద ఒకటి రాసుకోవడమే కొంత షాకు పని చేస్తుంది, పైగా ఈ కార్ల వెనక భాగం తేలిక. గట్టి ఎక్కువైతే కాంక్రీట్ జాయింట్ల మీద వెనక చక్రాలు గెంతుతాయి, మలుపులో ఐతే ఆ గెంతు పక్కకి ఉంటుంది, అది భయం పుట్టిస్తుంది.

నాలుగో మెట్టు. మలుపులు. స్టీరింగ్ తిప్పగానే మూతి బద్ధకంగా వస్తే ముందు ఒక అడుగు మెత్త, లేదా వెనక ఒక అడుగు గట్టి. తోక కంగారుపడితే దానికి రివర్స్. రెండూ ఒకేసారి మార్చొద్దు. ఇది మలుపులోకి దిగేటప్పుడు, బయటికి వచ్చేటప్పుడు మాత్రమే పని చేస్తుంది, మలుపు మధ్యలో నిలకడగా ఉన్నప్పుడు కారు ఎటు జారుతోంది అన్నది టైర్లు, స్ప్రింగులు, యాంటీ రోల్ బార్ (కారు ఒరగకుండా రెండు పక్కల్నీ కలిపే కడ్డీ) తేల్చే విషయం.

పాత స్పిట్‌ఫైర్ వాళ్లకి ఒక మాట, దాని వెనక స్వింగ్ యాక్సిల్‌కి (చక్రంతో పాటు ఇరుసు కూడా పైకీ కిందకీ ఊగే రకం) సొంత గుణం ఒకటుంది, మలుపు మధ్యలో ఒక్కసారిగా కాలు తీసేస్తే వెనక చక్రాలు లోపలికి ముడుచుకుంటాయి. దాన్ని షాకు క్లిక్కులతో పోగొట్టాలని చూడొద్దు.

ఐదో మెట్టు. మీరు మామూలుగా తిరిగే బరువుతో ఒక రౌండు. ఇద్దరు, సామాను. వెనక కింద తగుల్తుంటే ఒకటి రెండు క్లిక్కులు పెంచండి, అంతే.

వానలో కారు తీసేవాళ్లు ముందూ వెనకా కొంచెం మెత్తగా పెట్టుకుంటే తడి రోడ్డు మీద పట్టు మెరుగ్గా ఉంటుంది. నాబ్ రకానికి ఇది రెండు నిమిషాల పని, కోనీ వాళ్లు విప్పి చెయ్యక్కర్లేదు, నెమ్మదిగా నడపండి చాలు.

నా లెక్కలో బెంగళూరులో వీధుల్లో తిరిగే కారు ఏదైనా మొత్తం క్లిక్కుల్లో మొదటి సగం దాటక్కర్లేదు. గట్టిగా ఉంటే స్పోర్టీ అనుకోవడం మనవాళ్లకి అలవాటు. నిజానికి మరీ గట్టి రీబౌండ్‌తో వరస గుంతల మీద వెళ్తే చక్రం కిందకి దిగే టైం దొరకదు, ఒక్కో గుంతకీ కారు ఇంకొంచెం కిందకి లాక్కుంటూ పోయి చివరికి బంప్ స్టాప్ మీద కూర్చుంటుంది. డ్రైవర్‌కి అది "స్ప్రింగులు గట్టి" లాగా అనిపిస్తుంది, ఇంకా డబ్బులు తగలేసి స్ప్రింగులు మారుస్తాడు.

8. లక్షణాన్ని బట్టి ఏం చెయ్యాలి

స్పీడ్ బ్రేకర్ తర్వాత రెండుమూడు ఊపులు: రీబౌండ్ తక్కువ. పెంచండి. పెంచినా మారకపోతే షాకు ఐపోయింది.

గుంత అంచు దెబ్బ నేరుగా నడుముకి: ముందు టైరు గాలి చూడండి, తర్వాత తగ్గించండి.

వరస గుంతల మీద కారు కుంగిపోతోంది: రీబౌండ్ ఎక్కువ. ఒక అడుగు వెనక్కి.

ఠక్ ఠక్ మని ఇనప శబ్దం: షాకు సెట్టింగ్ కాదు. పై నట్టు వదులు, రబ్బరు అరుగు, లేదా లీవర్ ఆర్మ్ లింకు. ఏ క్లిక్కుతోనూ పోదు.

ధడేల్ మని ఒకే దెబ్బ: బంప్ స్టాప్ లేదు, లేదా స్ప్రింగు కుంగింది. ఎత్తు కొలతలు మళ్లీ చూడండి.

70, 80 దగ్గర స్టీరింగ్ వణుకు: వీల్ బ్యాలెన్సింగ్. వైర్ వీల్స్ ఐతే వాటికి సరిపోయే కోన్ ఉన్న షాపులోనే చేయించాలి, లేకపోతే బ్యాలెన్స్ చేయించాక వణుకు ఇంకా పెరుగుతుంది. స్పోకులు కూడా పెన్నుతో తట్టి చూడండి, వదులైంది చప్పగా మోగుతుంది.

ఒకవైపు మాత్రమే తేడా: ఆ వైపు షాకు పూర్తి మెత్తలో, పూర్తి గట్టిలో పెట్టి మూల నొక్కి చూడండి. రెండిట్లోనూ ఒకేలా ఉంటే లోపల అడ్జస్టర్ పని చెయ్యట్లేదు. జతగా మార్చాలి, ఒక్కటే మారిస్తే మళ్లీ ఇదే గొడవ.

పొద్దున ఒకలా, మధ్యాహ్నం ఒకలా: లీవర్ ఆర్మ్‌లో ఎవరో చిక్కటి ఆయిల్ పోశారు. తీసి సరైనది పొయ్యండి.

9. నోట్‌బుక్కులో రాయాల్సినవి

ఫోన్‌లో కూడా రాస్కోవచ్చు గానీ, చేతులకి గ్రీజు ఉంటుంది కాబట్టి కాగితమే మేలు.

☐ తేదీ, ఎండా చలా వానా
☐ నాలుగు టైర్ల గాలి
☐ పెట్రోల్ ఎంత, కార్లో ఎవరెవరు
☐ ముందు, వెనక: పూర్తి మెత్త నుంచి ఎన్ని
☐ స్పీడ్ బ్రేకర్, ప్యాచ్, జాయింట్లు, మలుపు: ఒక్కోదానికి ఒక మాట
☐ ఏం మార్చా, ఎందుకు

సెట్టింగ్ దొరికాక 200 కిలోమీటర్లకి షాకు నట్లన్నీ ఒకసారి టార్క్ రెంచ్‌తో చూడండి, కొత్త రబ్బర్లు సర్దుకుని కొంచెం వదులవుతాయి. వానాకాలం ఐపోయాక నాబ్‌లు ఒకసారి పూర్తి మెత్త దాకా, పూర్తి గట్టి దాకా తిప్పి మళ్లీ మీ నంబర్‌కి తెచ్చి పెట్టండి, లేకపోతే తుప్పుతో అక్కడే పట్టుకుపోతాయి. లీవర్ ఆర్మ్ వాళ్లు ప్రతి సర్వీస్‌కీ ఆయిల్ మట్టం చూడండి. ఒకవైపు మాత్రమే పదేపదే తగ్గుతుంటే ఆ షాఫ్ట్ దగ్గర గుడ్డతో తుడిచి, మర్నాడు మళ్లీ చూడండి, తడి ఉంటే రీకండిషన్ జతకి ఆర్డర్ పెట్టెయ్యండి, బయటి దేశం నుంచి ఓడలో రావడానికి టైం పడుతుంది.